బోడికొండ మీద రాగితీగ

ఆ టీవీ ప్లగ్గు పీకేశావా? కంప్యూటర్ది కూడా పీకెయ్ తల్లీ. దాని వెనకాల సన్నతీగ ఒకటుంటుంది చూడు, ఫోనుది, అదీ పీకెయ్. అసలు దొంగ అదే. కరెంటు తీగ ఒక్కటీ పీకి దాన్నొదిలేస్తే వీధి తలుపు గడియ పెట్టి పెరటి తలుపు తెరిచి పడుకున్నట్టే. మీ నాన్న మీటరు పక్కన ఏదో డబ్బా బిగించాడు కదూ, ‘ఇంక పిడుగొచ్చినా మన వస్తువులకేం కాదు నాన్నా’ అంటాడు. మంచిదే, నేను కాదన్ను. ఆ డబ్బాలోంచి కిందికి దిగే ఎర్తు తీగ ఎక్కడిదాకా పోయిందిరా అనడిగితే మటుకు బుర్ర గోక్కున్నాడు. అది చెమ్మలోకి పోవాలమ్మా. ఎండురాళ్ళలో గుచ్చిన చువ్వ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఈ మాట నాకెవరు చెప్పారంటావా? నెటీ. నెటీ హాల్వర్సన్. ఎప్పుడూ చెప్పలేదూ నీకు? అవున్లే, మీ నాయనమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ పేరెత్తితే వంటింట్లో గిన్నెలు మోగేవి. కూచో. ఈ వాన ఇప్పట్లో తగ్గేది కాదు.

నెటీ బళ్ళో పంతులమ్మ. అందగత్తేం కాదు, పొడుగ్గా, ఎముకల గూడులా ఉండేది, మొహం కాస్త గుర్రం వాటం. కానీ నడుస్తుంటే మాత్రం నేలంతా తనదే అన్నట్టు నడిచేది. పిల్లలు ఆవిడంటే హడలు. ఆవిడకో తమ్ముడు, ఆర్విడ్. నేనూ ఆర్విడ్ ఒక ఈడువాళ్ళం. అప్పుడు పెద్ద యుద్ధం నడుస్తోంది, నన్ను సైన్యంలోకి తీసుకోలేదు, నీకు తెలుసుగా, ఇదిగో ఈ కాలు, డచెస్ అనే కంచరగాడిద తన్నింది. దుర్మార్గపు గాడిద అది, తన్నేముందు చెవులు కూడా వెనక్కి పెట్టేది కాదు, నవ్వుతూ తన్నేది. అయినా దానితోనే బతికాను. అడివి ఆఫీసు వాళ్ళకి సామాను మోసే పని నాది. కొండల మీద నిప్పు కాపలా గదులుండేవి కదా, అడివిలో ఎక్కడ పొగ లేచినా చూసి కిందికి ఫోను చెయ్యటానికి, వాటికి పిండీ, బీన్సూ, కిరసనాయిలూ, ఉత్తరాలూ, అన్నీ గాడిదల మీద నేనే చేర్చేవాణ్ణి. ఆర్విడ్‌కి చూపు మహా తీక్షణం, అందుకని సైన్యానికి పంపకుండా బాల్డీ కొండ మీద కాపలాకి పెట్టుకున్నారు. పేరుకి తగ్గట్టే బోడికొండ అది. నెత్తిన ఒక్క చెట్టు లేదు, గడ్డిపోచ లేదు, ఉత్త బండ. ఆ బండ మీద నాలుగువైపులా అద్దాలున్న చిన్న గది. చుట్టుపక్కల ఎంతదూరం చూసినా దానికంటే ఎత్తైన వస్తువు లేదు. పిడుక్కి అంతకంటే మంచి పీట ఏం కావాలి చెప్పు?

అలాగని ఏ ఏర్పాటూ లేదనుకోకు. గది కప్పు మీద రాగి చువ్వ, దాన్నుంచి నాలుగు మూలలా కిందికి రాగితీగలు. లోపలున్న ఇనుప పొయ్యి, ఇనుప మంచం, అన్నీ ఆ తీగలకే కట్టేసి ఉండేవి. ఒక పీట కూడా ఉండేది, నాలుగు కాళ్ళకీ గాజు గిన్నెలు తొడిగి. మబ్బు నెత్తిమీదికి రాగానే ఆ పీటెక్కి కూచోవాలి, ఏదీ ముట్టుకోకూడదు. ఇక ఫోను. ఫోను తీగ కొండ కిందనుంచి చెట్లమీదుగా వచ్చేది. మబ్బు రాకముందే స్విచ్చి తీసేసి ఆ తీగని గదినుంచి విడగొట్టెయ్యాలి. అదీ రూలు. ఆ యేడు జూలైలో, మిట్టమధ్యాహ్నం, బాల్డీ మీద పిడుగు పడింది. ఫోను పలకటంలేదని నన్ను చూసి రమ్మన్నారు. వెళ్ళేసరికి ఆర్విడ్ నేలమీద ఉన్నాడు, ఫోను కిందే. వాణ్ణి గాడిదమీద కిందికి తెచ్చింది నేనే. డచెస్ ఆ రోజు ఒక్కసారి కూడా కాలెత్తలేదు, పాపం. మా రేంజరు ప్రూయిట్ వచ్చి చూశాడు. స్విచ్చి వేసే ఉంది. అంటే కుర్రాడు తియ్యటం మర్చిపోయాడన్నమాట. పై ఆఫీసర్లు ‘అజాగ్రత్త’ అన్నారు. అంతే, ఒక్క మాట. ఇరవై నాలుగేళ్ళ మనిషి బతుకంతా ఆ ఒక్క మాటతో సరిపెట్టేశారు. ఊళ్ళోవాళ్ళు కూడా, మన ఊరి సంగతి తెలుసుగా, ‘అయ్యో పాపం, మంచివాడే కానీ, కాస్త పరధ్యానం...’ అని మొదలెట్టారు. వాళ్ళ నాన్న హాల్వర్‌కి ఆ ‘కానీ’ వినపడ్డప్పుడల్లా దవడ బిగుసుకుపోయేది.

మరుసటి వసంతంలో నెటీ ఆఫీసుకొచ్చి, బాల్డీకి నేను వెళతాను అంది. మగాళ్ళందరూ యుద్ధంలో ఉన్నారు, కాపలాకి ఆడవాళ్ళని తీసుకుంటున్నారు అప్పటికే. అయినా ప్రూయిట్ మొహం తెల్లబోయింది. ‘అమ్మాయ్, ఇంకో కొండ ఏదైనా చూస్తాను, అదొద్దు’ అన్నాడు. ‘అదే కావాలి’ అంది. ‘ఎందుకు?’ అన్నాడు. ‘పక్క కొండమీద మా తమ్ముడు పోలేదు గనక’ అంది. సరేనన్నాడు. మంచు కరగ్గానే గది తెరవటానికి ముగ్గురం కలిసే వెళ్ళాం, ప్రూయిట్, ఆవిడ, నేను. నేను సామాను దించుతున్నాను. ఆవిడ గదిలోకి కూడా పోలేదు. గది మూలనుంచి దిగిన రాగితీగని రెండువేళ్ళతో పట్టుకుంది, పట్టుకుని దాని వెంబడే నడవటం మొదలెట్టింది, గుడ్డివాడు తాడు పట్టుకుని పోయినట్టు. అట్టే దూరం పోలేదులే. బండలో ఒక చీలిక, అందులో దిగ్గొట్టిన ఇనుప మేకు, దానికి చుట్టిన తీగ. అక్కడితో సరి. చీలికలో వేలు పెట్టి చూసింది. పొడి. పిండిలాంటి పొడి. ‘ప్రూయిట్ గారూ, ఇది భూమిలోకి పంపినట్టా, భూమికి చూపించినట్టా?’ అంది. ప్రూయిట్ కూడా వంగి వేలు పెట్టాడు. మంచివాడే ఆయన, తప్పు కనపడితే కాదనే రకం కాదు. ‘ఈ కొండ మీద మట్టెక్కడుంది నెటీ? కింద తూరుపు వాలులో ఊట ఉంది, అక్కడిదాకా పోవాలంటే పెద్ద చుట్ట కావాలి. రాగి అంతా తూటాలకి పోతోంది. ఈ సమయంలో నాకెవడిస్తాడు రాగి?’ అన్నాడు. ‘మీరు ఒప్పుకోండి, రాగి సంగతి నేను చూసుకుంటాను’ అంది.

ఎక్కడ చూసుకుందనుకున్నావ్? సొంత ఇంట్లో! హాల్వర్ గొడ్లచావిడి మీద పిడుగు చువ్వలుండేవి, మెలితిప్పిన లావుపాటి రాగితాడు, చావిడి ఈ కొసనుంచి ఆ కొసదాకా. వెనకటి రోజుల్లో ఆ చువ్వలమ్మేవాళ్ళొచ్చేవారమ్మా, బండికట్టుకుని, టోపీ పెట్టుకుని. ‘అయ్యా, నిరుడు మీ పొరుగూళ్ళో చావిడి బూడిదైంది, విన్నారా? ఆ వాసన ఇంకా నా కోటుకుంది, చూడండి’ అని కోటు ముక్కు దగ్గర పెట్టేవాళ్ళు. సగంమంది దొంగలు, ఇనుముకి రాగిరంగు పూసి అంటగట్టేవాళ్ళు. మా నాన్న అలాంటి వాడి దగ్గరే కొన్నాడు, ఒక్క వానకి తుప్పు పట్టింది. హాల్వర్ మాత్రం, అబ్బే, ఘటికుడు, తీగ కొస కత్తితో గీకి చూసి మరీ కొన్నాడు. లోపలిదాకా రాగే. ఆ తాడు ఆయన ప్రాణం. ఎందుకంటే నార్వేలో ఆయన చిన్నప్పుడు వాళ్ళ చావిడి పిడుగుపడి కాలిపోయింది, ఆవులతో సహా. ఆ అరుపులు ఇప్పటికీ వినపడతాయనేవాడు. అలాంటి మనిషి దగ్గరికెళ్ళి నెటీ, ‘నాన్నా, చావిడి మీది తాడు కావాలి’ అంది. నేనక్కడే ఉన్నాను, నిచ్చెన మోసుకెళ్ళింది నేనేగా. ముసలాయన ఉగ్రుడైపోయాడు. ‘కొడుకుని తిన్నది ఆ కొండ. కూతుర్నీ పంపిస్తున్నాను. ఇప్పుడు చావిడి కూడా దాని నోట్లోనే పెట్టాలా?’ అని చేతిలో పాలచెంబు నేలకేసి కొట్టాడు. నెటీ నిచ్చెన వేసింది, ఎక్కింది, మేకులు పీకటం మొదలెట్టింది. నాకేమో ఎటు చూడాలో తెలీదు. ఆయన కింద నిలబడి అలా చూస్తూనే ఉన్నాడు. ఆవిడ కప్పు కొసదాకా పాకి అక్కడ మేకుతో కుస్తీ పడుతోంది, జారితే నడుం విరుగుతుంది. అప్పుడు, ‘దిగు’ అన్నాడు. దిగలేదు. ‘దిగవే! అది లాగితే రాదు, తిప్పాలి. బిగించింది నేను, ఎలా ఊడుతుందో నాకు తెలీదా?’ అని ఆయనే ఎక్కాడు. అరవై దాటిన మనిషి. తాడంతా తనే విప్పి, చుట్ట చుట్టి, నా గాడిద మీద తనే కట్టాడు. కట్టి, ముడి మీద ఒకసారి చెయ్యేసి చూసి, ఇంట్లోకెళ్ళిపోయాడు.

అదీ చాలలేదు. ఊటదాకా ఇంకా సగం దూరం మిగిలింది. ఇంకెక్కడుంది రాగి? చర్చి శిఖరం మీద! ఆదివారం ప్రార్థన అయ్యాక లేచి నిలబడి అడిగేసింది. గుసగుసలు మొదలయ్యాయి. ఒకావిడ, పేరెందుకులే, మనవలు ఇక్కడే ఉన్నారు, ‘దేవుడి ఇంటిమీద తీగ పీకుతారా? అంత భయమైతే కొండెక్కటం మానెయ్యి. పైవాడు కాపాడాలనుకుంటే తీగ లేకపోయినా కాపాడతాడు’ అంది, ఇలా గొంతు సాగదీసి. నెటీ వెనక్కి తిరిగి, ‘మరి ఇన్నాళ్ళూ ఆయన ఇంటికే ఎందుకమ్మా తీగ? ఆయన మీద ఆయనకే నమ్మకం లేకనా?’ అంది. నేను దగ్గు వచ్చినట్టు నటించి బయటికొచ్చేశాను. పాస్టరు గారు మాత్రం నవ్వలేదు. ఆర్విడ్‌ని పూడ్చిపెట్టింది ఆయనే. ‘తీసుకెళ్ళమ్మా. యుద్ధమయ్యాక కొత్తది పెట్టుకుందాం. అప్పటిదాకా మనం కొంచెం గట్టిగా ప్రార్థన చేద్దాం’ అన్నాడు. అన్నట్టు ఆ శిఖరానికి ఆ రెండేళ్ళూ ఏం కాలేదు. హాల్వర్ చావిడికీ ఏం కాలేదు. మా నాన్న తుప్పుచువ్వల చావిడి మీద పడింది పిడుగు! ఏం చెప్తాం.

తీగ పరవటం ఒక యజ్ఞమనుకో. బండ మీద ఊరికే పరిస్తే జింకలు కాళ్ళకి తగిలించుకుంటాయి, మంచుకి తెగుతుంది. అడుగడుక్కీ రాళ్ళు పేర్చాలి, వంపులు లేకుండా వాలుగా దించాలి. మూలల దగ్గర నేను చటుక్కున మలిస్తే కోప్పడేది. ‘ఏవోయ్ డెల్మర్, నీ గాడిదని పరిగెత్తించి ఆ మూలలో మలుపు తిప్పు చూద్దాం. తిరుగుతుందా? నేరుగా దూకుతుంది. పిడుగూ అంతే’ అనేది. ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నావంటే, కాపలావాళ్ళకిచ్చే పుస్తకంలోనే ఉంది, మీరెవరూ చదవరు అనేది. ఊట దగ్గర గొయ్యి తవ్వి, తీగ కొసని పెద్ద చుట్టలా చేసి, బురదలో పెట్టి, పైన బొగ్గూ మట్టీ వేసి తొక్కాం. ఆవిడ చేతులు బొబ్బలెక్కి చితికిపోయాయి. గుడ్డలు చుట్టుకుని మళ్ళీ పలుగు పట్టేది. ‘రేపు చేద్దాం నెటీ’ అంటే, ‘మబ్బు నిన్నడిగొస్తుందా రేపు రానా అని?’ అనేది. పని అయ్యాక ఆ బురదలోనే కూచుంది. అప్పుడు చూశాను ఆవిడ ఏడవటం. ఒకటే ఒక మాట అంది. ‘స్విచ్చి ఎందుకు తియ్యలేదు డెల్మర్ వాడు? గుర్రానికి కళ్ళెం వేసినా రెండుసార్లు చూసుకునేవాడు.’

ఇక ఆగస్టు. కొండకింద లోయలో నిప్పంటుకుంది. ఆర్పటానికి పదిహేనుమందిని దింపారు, చాలామంది హైస్కూలు పిల్లలు, పెద్దాళ్ళెవరున్నారు అప్పుడు? నేను తిండి సామాను తీసుకెళ్ళి వాళ్ళతోపాటే ఆగిపోయాను. మా మకాం దగ్గర చెట్టుకో ఫోను తగిలించారు, బాల్డీ తీగకే కలిపి. మధ్యాహ్నం ఎండ, పొగ. నిప్పు మాకు దూరంగా, వాలుకి పైపైకి పోతోంది, అంతా బాగానే ఉంది. మా జట్టు పెద్ద కుర్రాళ్ళని కూచోబెట్టి రొట్టెలు తినమన్నాడు. బాల్డీ మీద మాత్రం మబ్బు నల్లగా కూచుంది, ఉరుములు వినపడుతున్నాయి. హమ్మయ్య, నెటీ ఈపాటికి స్విచ్చి తీసేసి గాజుకాళ్ళ పీటెక్కి ఉంటుందిలే అనుకున్నాను. అనుకున్నానో లేదో, ఫోను మోగింది.

మోగకూడదు కదా అది! ఎత్తాను. ‘డెల్మర్? నువ్వేనా? విను. గాలి తిరిగింది. మబ్బు కిందనుంచి గాలి లోయలోకి దిగుతోంది, నిప్పు మీ వెనకమాలకి వస్తోంది, వాగు వైపు దారి మూసుకుపోయింది, అటు పోవద్దు.’ నేను వినిపించుకుంటేగా! ‘నెటీ, ఫోను పెట్టెయ్! స్విచ్చి తీసెయ్, నెత్తిమీద మబ్బుంది!’ అని అరుస్తున్నాను. ‘అరవకు. నేను చెప్పింది మళ్ళీ చెప్పు’ అంది, బళ్ళో ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టు. ‘పెట్టెయ్యవే నీకు దణ్ణం పెడతాను!’ అన్నాను. ‘చెప్పు ముందు. ఎటు పోవాలి?’ ఆ గొంతులో ఏముందో గానీ నాకు బుద్ధొచ్చింది. ‘వాగు వైపు పోవద్దు’ అన్నాను. ‘ఆఁ. నిన్న కాలిపోయిన నల్లనేల ఉంది చూడు, పడమటి పక్క, దానిలోకి పొండి. ఎక్కడికి?’ ‘నల్లనేలలోకి.’ ‘ఇప్పుడే. రొట్టెలక్కడే వదిలెయ్యండి’ అనబోతోంది కాబోలు, ‘రొట్టె’ వరకే వినపడింది. చెవిలో తుపాకి పేలినట్టైంది. నేను వెల్లకిలా పడ్డాను. చెట్టుమీది ఫోను పెట్టె పొగలు కక్కుతోంది. పైకి చూశాను. బాల్డీ నెత్తి మీద పడిన మెరుపు తెల్లగా ఇంకా నా కళ్ళలో మండుతూనే ఉంది.

ఏడవటానికి టైమెక్కడుంది? పిల్లల్ని తోలుకుని నల్లనేలలోకి పరిగెత్తాం. వేడిబూడిదలో మొహాలు పెట్టుకుని పడుకున్నాం. మా మకాం, మా సామాను, ఆ వాగు దారి, అన్నీ కళ్ళముందే మండిపోయాయి. వాగు వైపు పోయి ఉంటే... సరే, పోలేదుగా. అందరం లేచాం. ఒక కుర్రాడి జుట్టు కాలింది, అంతే. గాడిదలు కూడా బతికాయి, డచెస్ అయితే మాకంటే ముందే వెళ్ళి నల్లనేలలో నిలబడింది.

దారి తెరుచుకున్నాక నేను ఒక్కణ్ణీ బాల్డీ ఎక్కాను. గాడిద మీద దుప్పటి వేసుకుని మరీ వెళ్ళాను. ఎందుకో నీకు తెలుసుగా. నిరుడు వేసుకోకుండా వెళ్ళి ఆర్విడ్ మీద నా కోటు కప్పాల్సొచ్చింది. పైకెళితే గది నిలబడే ఉంది. అద్దాలు రెండు పగిలాయి, ఫోను గోడ మీంచి ఊడి ముక్కలైంది, గోడ నల్లగా మాడింది. నెటీ గుమ్మంలో కూచుని ఉంది, కుడిచేతికి తడిగుడ్డ చుట్టుకుని. నన్ను చూసి, ‘పిల్లలు?’ అంది. ‘అందరూ ఉన్నారు’ అన్నాను. ‘ఆఁ?’ అంది. మళ్ళీ చెప్పాను. అప్పుడు తెలిసింది, ఎడమచెవి పోయింది. చెయ్యి కాలింది. మనిషి మాత్రం బతికింది. ఊటదగ్గరికెళ్ళి చూస్తే తీగ కొస పాతిపెట్టిన చోట బురద ఎగిరిపడి ఉంది, ఎవరో లోపల్నుంచి తన్నినట్టు. పిడుగంతా అటు దిగింది. ఫోనులోంచి ఆవిడకి దక్కింది చిల్లర. ఆ తీగ ఆ పొడిచీలికలోనే ఆగిపోయి ఉంటే మొత్తం ఆవిడ మీదే దిగేది.

కిందికి తెచ్చి వాళ్ళింట్లో దింపాను. హాల్వర్ కూతురి కాలిన చెయ్యి పట్టుకుని తనే కట్టు మార్చాడు. సాయంత్రం ప్రూయిట్ వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, ‘పదిహేనుమంది ప్రాణాలు నిలబెట్టావమ్మా, ఆ తల్లులందరి తరఫునా చెప్తున్నాను’ అన్నాడు. నెటీ కుడిచెవి ఆయనవైపు తిప్పి, ‘స్విచ్చి నేనే వేశాను’ అంది. ‘తెలుసు’ అన్నాడు. ‘ముందే తీసేశాను. గాలి తిరగటం చూసి మళ్ళీ వేశాను. నన్ను కూడా అజాగ్రత్త మనిషంటారా?’ ‘అయ్యో, ఎంతమాట’ అన్నాడు. అప్పుడు, ఏమాత్రం గొంతు పెంచకుండా, ‘ప్రూయిట్ గారూ, ఫోనులో ఎవడూ తనతో తను మాట్లాడుకోడు. నేను మాట్లాడుతుంటే అవతల డెల్మర్ ఉన్నాడు. మా ఆర్విడ్ మాట్లాడుతుంటే అవతల ఎవరున్నారు?’ అంది.

ప్రూయిట్ చేతిలో టోపీ గుండ్రంగా తిరుగుతోంది, తిరుగుతోంది. నేననుకున్నాను, తెలీదంటాడు, వెళ్ళిపోతాడు. ‘నేను’ అన్నాడు. ‘అవతల నేనున్నాను. లోయలో పొగ చూశాడు. వెంటనే చెప్పాడు. మబ్బొచ్చేసింది, పెట్టేస్తానన్నాడు. ఏ వాలు, ఏ పక్క, సరిగ్గా చూసి చెప్పు అన్నాను. చెప్పాడు. ఇంకోసారి చూడు అన్నాను. చూస్తున్నాడు...’ ఆపేశాడు. ‘స్విచ్చి మర్చిపోలేదు వాడు. నేను వదల్లేదు. పై ఆఫీసర్లు అజాగ్రత్తా అనడిగితే నా నోట్లోంచి అవునన్న మాట వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోలేకపోయాను.’

నేను హాల్వర్ వైపు చూశాను. ఈయన ఇప్పుడు ఆ మనిషి పీక పట్టుకుంటాడు, అడ్డం వెళ్ళాలనుకున్నాను. ముసలాయన లేచాడు. ‘రేపు ఆదివారం’ అన్నాడు. ‘చర్చిలో అందరూ ఉంటారు. అక్కడ నిలబడి ఇదే మాట చెప్పు. ఇంతే గట్టిగా.’ ప్రూయిట్ తలూపాడు. చెప్పాడు కూడా, మాటకి మాట, ఏమీ దాచకుండా, ఆ ముందు వరసలో కూచున్న సాగదీత గొంతావిడ వింటూండగా. ఉద్యోగం పోతుందనుకున్నాం, పోలేదు, కానీ ఆ శీతాకాలంలోనే ఆయనంతట ఆయనే మానేసి వెళ్ళిపోయాడు.

నెటీ? ఆ చేతికి కట్టు విప్పగానే మళ్ళీ పైకే. ఇంకో రెండు ఎండాకాలాలు చేసింది, ఒంటిచెవితో. మిగతా కొండలన్నిటికీ ఎర్తుతీగలు ఊటల్లోకి దింపించేదాకా ఆఫీసువాళ్ళని బతకనివ్వలేదు. ఆఁ, అడిగాను. ఒక్కసారి అడిగాను, పెళ్ళి చేసుకుంటావా అని, ఆ ఊట పక్కనే. వినపడని చెవి నావైపు తిప్పి, ‘ఏవన్నావ్?’ అంది. మళ్ళీ అడగలేదు. వినపడిందో లేదో నాకు ఇప్పటికీ... తర్వాత పోర్ట్‌లాండ్ వెళ్ళిపోయింది, చెవిటిపిల్లల బడికి. అక్కడే పోయింది. నన్ను రమ్మని కబురు రాలేదు, రాదు కదా, నేనెవర్నని.

ఏవిటా వాసన? బంగాళదుంపలు మాడిపోతున్నట్టున్నాయి, లే, లే, వెళ్ళి చూడు.